వార్తల్లో పదం: చికిత్సకు లొంగని డిప్రెషన్

కనీసం రెండు రకాల మందులు, తగిన మోతాదులో, ఆరేసి వారాలు వాడినా కుంగుబాటు తగ్గకపోతే వైద్యులు దాన్ని ఇలా అంటారు. దారులు మూసుకుపోయినట్టు కాదు. లిథియం జోడించవచ్చు, మత్తిచ్చి చేసే ఈసీటీ (విద్యుత్ చికిత్స) ఉంది, 2019లో అమెరికా అనుమతించిన ఎస్‌కెటమిన్ ఉంది. అంతకుముందు థైరాయిడ్ పరీక్ష చేయించాలి.

కర్ణాటకలోని సిరవార చుట్టుపక్కల, తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండించే తెలుగు రైతుల క్యాంపుల్లో, ఆలుమగల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండోవారికి ఒక మాట. "ఇన్ని మాత్రలు మింగినా ఇంతేనా?" అనకండి. మాత్ర వేసుకున్న వేళ, నిద్ర, తిండి నోట్‌బుక్‌లో రాసి డాక్టరుకు చూపండి. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు. పురుగుమందు డబ్బాను మాత్రం ఇంట్లో అస్సలు ఉంచకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు తెలుగులోనూ కన్నడలోనూ రాత్రీ పగలూ ఫోన్ చేయవచ్చు, అలసిపోయిన మీ కోసం కూడా.