ముందే తేలిన గెలుపు కోసం ఎందుకీ కేకలు?

2014 జనవరి 26న అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ‘రాయల్ రంబుల్’ జరిగింది. ముప్పై మంది మల్లులు ఒకరి తర్వాత ఒకరు రింగ్‌లోకి దిగి, పైతాడు మీదుగా ఒకరినొకరు బయటికి విసిరేసుకునే పోటీ అది. చివరికి మిగిలినవాడికి, ఏటా జరిగే అతి పెద్ద ప్రదర్శన రెజిల్‌మేనియాలో ప్రపంచ టైటిల్ కోసం తలపడే అవకాశం దక్కుతుంది. ఆ రాత్రి ముప్పయ్యోవాడిగా రే మిస్టీరియో వచ్చాడు. ముసుగు కట్టుకుని గాల్లో పల్టీలు కొట్టే మిస్టీరియో అంటే పిల్లలకు ప్రాణం. అలాంటివాడు కనిపించగానే హాలంతా ‘బూ’ అని హోరెత్తిపోయింది. అతని మీద ఎవరికీ కోపం లేదు. ఆఖరివాడు అతనే అయ్యాడంటే, జనం ఎదురుచూస్తున్న డేనియల్ బ్రయన్ ఇక రాడని అర్థం. కాసేపటికి బటిస్టా గెలిచాడు. దాదాపు నాలుగేళ్ల తర్వాత హీరోగా తిరిగి రప్పించుకున్న మనిషిని ఆ రాత్రే జనం విలన్‌ని చేసేశారు. ఫలితం ముందే రాసి పెట్టుకున్నదని ఆ హాల్లో అందరికీ తెలుసు. తెలిసీ అంత కోపం దేనికన్నదే రెజ్లింగ్ అభిమానిని గురించి అడగాల్సిన అసలు ప్రశ్న. వారం వారం టీవీలో వచ్చే రెజ్లింగ్ కార్యక్రమం ‘మండే నైట్ రా’ చూసేవాడికి ఎవరు గెలుస్తారన్నది చిన్న విషయం. గెలిపించేవాళ్లు తన గొంతు వింటున్నారా అన్నదే పెద్ద విషయం.

‘అదంతా ఉత్తిదే కదా’ అన్న ఆక్షేపణ చాలా పాతది. దాన్ని ఈ పోటీలు నడిపే కంపెనీయే (అప్పటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్) ఎప్పుడో ఒప్పుకుంది. క్రీడా కమిషన్ నిబంధనల నుంచి, పన్నుల నుంచి బయటపడటానికి, ఇది వినోదమే తప్ప పోటీ కాదని 1989లో న్యూజెర్సీ సెనేట్‌కు చెప్పుకుంది. అంటే ఇప్పుడు చూస్తున్నవాళ్లలో ఎవరూ మోసపోయి చూడటం లేదు. వాళ్లు చూసేది పనితనం. రింగ్ అడుగున ఉక్కు దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పలచటి నురుగు పొర, ఆపైన కాన్వాసు గుడ్డ. దాని మీద వెల్లకిలా పడితే చప్పుడు ఘనంగా వస్తుంది, వీపుకు దెబ్బా తగులుతుంది. ఎదుటివాడి ఎముక విరగకుండా, చూసేవాడికి మాత్రం విరిగిందేమో అనిపించేలా పడెయ్యాలి. మొదట్లో ఎడమ మోకాలి మీద దెబ్బ తిన్నవాడు పది నిమిషాల తర్వాత తాడు మీది నుంచి దూకి దిగినప్పుడు ఆ కాలే ఈడ్చుకుంటూ నడవాలి. మరిచిపోయి చకచకా పరిగెత్తాడంటే అభిమాని పెదవి విరుస్తాడు. రిఫరీ ‘ఒకటి, రెండు’ అని నేలను చరిచి మూడో దెబ్బకు చెయ్యి ఎత్తిన క్షణంలో కింద పడ్డవాడు భుజం లేపి ఓటమి తప్పించుకుంటే, ఆ అరక్షణం కోసమే వేలమంది లేచి నిలబడతారు. ఫలితం తెలియనంత మాత్రాన వచ్చే ఉత్కంఠ కాదది, కాలాన్ని ఎక్కడ తుంచాలో తెలిసిన నటుల నేర్పు.

ఫలితం చెప్పేస్తే ఆసక్తి చచ్చిపోతుందనుకునేవాళ్లకు 1999 జనవరి 4 నాటి సంగతి చెప్పాలి. అప్పట్లో సోమవారం రాత్రి ఒకే వేళకు రెండు కంపెనీల కార్యక్రమాలు పోటాపోటీగా వచ్చేవి. ఒకటి 1993లో మొదలైన రా, రెండోది డబ్ల్యూసీడబ్ల్యూ వారి ‘నైట్రో’. ఒక దశలో నైట్రో వరసగా 83 వారాలు రేటింగుల్లో పైచేయి సాధించింది. ఆ సోమవారం నైట్రో ప్రత్యక్ష ప్రసారం, రా ముందే చిత్రించి పెట్టుకున్నది. అవతలి చానల్లో మిక్ ఫోలీ టైటిల్ గెలవబోతున్నాడని నైట్రో వ్యాఖ్యాత వెటకారంగా ముందే చెప్పేశాడు. విన్న లక్షలాది మంది రిమోట్ అందుకుని ఫోలీ గెలుపు చూడటానికి రా పెట్టుకున్నారు. ఏళ్ల తరబడి బల్లల మీదా ఇనుపకంచెల మీదా ఒళ్లు హూనం చేసుకున్న ఆ బొద్దు మనిషికి పట్టం కడుతున్నారంటే కళ్లారా చూడాలనుకున్నారు. ఫలితం బయటపెట్టడమే ఇక్కడ ప్రకటన అయింది. 2001 మార్చి 26తో నైట్రో ఆగిపోయింది, ఆ కంపెనీని రా యజమానులే కొనేశారు.

ఇక బ్రయన్ దగ్గరికి వస్తే, అతని కథను కంపెనీ కంటే ప్రేక్షకులే ఎక్కువ రాశారు. 2012 ఏప్రిల్ 1న మయామిలో జరిగిన రెజిల్‌మేనియాలో అతన్ని 18 సెకన్లలో ఓడించి పంపేశారు. అప్పటికి అతను విలన్. మర్నాడు అదే ఊళ్లో జరిగిన రా అంతా జనం అతని ‘ఎస్! ఎస్!’ కేకతోనే మార్మోగించారు. వారానికోసారి వచ్చే కార్యక్రమానికున్న బలం ఇక్కడే ఉంది. సినిమా విడుదలయ్యాక కథ మార్చలేరు. రాకు సెలవుల్లేవు, సీజన్ ముగింపూ లేదు. ప్రసారం రోజునే స్క్రిప్టు తిరగరాయడం మామూలే కాబట్టి, ఈ సోమవారం హాల్లో లేచిన గోల వచ్చే సోమవారం కథలో కనపడే వీలుంది. మన పద్యనాటకాల్లో జనం ‘వన్స్ మోర్’ అంటే శ్రీకృష్ణుడు రాయబారం పక్కన పెట్టి మళ్లీ రాగం అందుకునేవాడు. ఇక్కడ ఆ ‘వన్స్ మోర్’తో పద్యమే కాదు, కథ కూడా మారుతుంది. బ్రయన్ ఆకారంలో చిన్నవాడు, గడ్డం పెంచుకున్న పక్కింటి కుర్రాడిలా ఉండేవాడు. ‘నువ్వు బి ప్లస్ రకానివే’ అని తెర మీది యాజమాన్యం అతన్ని చిన్నబుచ్చేది. పిట్స్‌బర్గ్ గోల తర్వాత ఆ చిన్నచూపునే కథాంశం చేసుకున్నారు. 2014 మార్చి 10న మెంఫిస్‌లో జరిగిన రాలో బ్రయన్ వెంట జనం రింగంతా నిండిపోయి, మా కోరిక తీరిస్తే గాని కదలమన్నారు. అదీ రాసుకున్న ఘట్టమే, తిరుగుబాటును కూడా స్క్రిప్టులో కలిపేసుకున్న తెలివి. కానీ దానికి ముడిసరుకు ప్రేక్షకులదే. ఏప్రిల్ 6న న్యూ ఓర్లీన్స్‌లో బ్రయన్ ఒకే రాత్రి మొదట ఆ తెర మీది యాజమాన్యంలోని ట్రిపుల్ హెచ్‌ను, తర్వాత అప్పటి చాంపియన్ ఓర్టన్‌ను, బటిస్టాను ఎదుర్కొని టైటిల్ ఎత్తాడు.

ఒకటి రెండు సార్లు జరిగినదాన్ని పట్టుకుని ప్రేక్షకుడే రాజు అంటే ఎలా అని అడగొచ్చు. అడగాల్సిందే. 2015లో కంపెనీ హీరోగా నిలబెట్టాలనుకున్న రోమన్ రెయిన్స్ రాయల్ రంబుల్ గెలిస్తే ఫిలడెల్ఫియా జనం ఛీకొట్టారు. సాయం వచ్చిన పాత హీరో ‘ది రాక్’ అతని చెయ్యెత్తి నిలబెట్టినా గోల తగ్గలేదు. అయినా 2015 నుంచి 2018 దాకా నాలుగు రెజిల్‌మేనియాల ఆఖరి పోరు రెయిన్స్‌కే ఇచ్చారు. కాబట్టి జనం కేక ఓటు కాదు. కంపెనీ చెవిన పెట్టకుండా ఉండొచ్చు. కానీ ఆ మొండితనానికి మూల్యం ఉంది. హీరో అని చెప్పినవాడు అడుగు పెట్టినప్పుడల్లా వెక్కిరింతలు వినిపిస్తుంటే కథ నిలవదు. చివరికి 2020 ఆగస్టులో అతన్ని విలన్‌గా మార్చాకే రెయిన్స్‌కు తగిన పాత్ర దొరికింది, టైటిల్ 1,316 రోజులు అతని దగ్గరే ఉంది. ఆ టైటిల్ కోసం కోడీ రోడ్స్ పోరాడాల్సిన చోట 2024 ఫిబ్రవరిలో రాక్‌ను దింపబోతే ‘కోడీయే కావాలి’ అని అభిమానులు గొడవ చేశారు. ఈసారి కంపెనీ వారం తిరక్కుండానే దారి మార్చుకుంది, రాక్‌ను విలన్ని చేసింది. ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలోనే కోడీ గెలిచాడు.

అనుమానం ఇంకా ఉంటే కరోనా కాలం చూడండి. 2020 మార్చి నుంచి ఓర్లాండోలోని శిక్షణ కేంద్రంలో ఖాళీ కుర్చీల ముందు రా నడిచింది. అవే దెబ్బలు, అవే మల్లులు. పడ్డవాడి మూలుగు తప్ప ఏమీ వినపడని ఆ ఎపిసోడ్లు చూడలేకపోయాం. ఆగస్టులో ఇళ్లలో కూర్చున్న అభిమానుల మొహాలను తెరల మీద వరసగా పేర్చి, రికార్డు చేసిన కేకలు వినిపించాల్సి వచ్చింది.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ మరొకటి ఉంది. దానికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. 1999 మే 23న కాన్సస్ సిటీలో ఓవెన్ హార్ట్ అనే మల్లుడు పైకప్పు నుంచి తాడుతో దిగబోతూ పడి చనిపోయాడు. ఆ తర్వాత కూడా ఆ రాత్రి కార్యక్రమం ఆపలేదు. మల్లులను కంపెనీ ఉద్యోగులుగా కాక స్వతంత్ర కాంట్రాక్టర్లుగానే లెక్క కడుతుంది. దశాబ్దాలు సంస్థను ఏలిన విన్స్ మెక్‌మహాన్ ఒక మాజీ ఉద్యోగిని వేసిన లైంగిక వేధింపుల కేసు నేపథ్యంలో 2024 జనవరిలో తప్పుకున్నారు. ఆరోపణలను ఆయన ఖండించారు. అభిమాని గొంతుకు కథ మార్చే బలం ఉందని ఒప్పుకుంటే, ఇంకా ఎత్తు నుంచి దూకమని అరిచే గొంతుకూ బాధ్యత ఉందని ఒప్పుకోవాలి. ఆరోగ్య బీమా కోసమూ, ఉద్యోగ భద్రత కోసమూ హాళ్లు అదే స్థాయిలో ఎన్నడూ హోరెత్తలేదు. ఇది అభిమానుల లోపమే.

మన దగ్గర ట్రంప్ కార్డుల మీది మల్లుల ఎత్తులూ బరువులూ కంఠతా పట్టిన తరం దీన్ని ఇప్పటికీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే అంటుంది, పేరు మారింది 2002లోనే అయినా. 2023 సెప్టెంబర్ 8న గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో జాన్ సీనా, సెత్ రోలిన్స్ జంట కైజర్, విన్చీల మీద గెలిచింది. ఎవరు గెలుస్తారో చెప్పడానికి ఆ రోజు జ్యోతిషం అక్కర్లేదు. 2025 ఏప్రిల్ నుంచి రా మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌లో వస్తోంది, అమెరికా సోమవారం రాత్రి మనకు మంగళవారం ఉదయం. కొత్తగా చూడాలనుకునేవాళ్లు ఒక్క ఎపిసోడ్‌తో తీర్పు చెప్పకండి. నాలుగు వారాలు వరసగా చూడండి, మల్లులతో పాటు జనాన్నీ గమనించండి. సాగతీత అనిపించిన చోట దాటేయండి, పాత అభిమానులు చేసేదీ అదే.