ఎక్సెల్ రిపోర్టులో ఫోటోలు, సంతకాలు ఎందుకు జరిగిపోతాయి?

ఈ ఎపిసోడ్‌లో ఎక్సెల్ రిపోర్టులో ఫోటో, లోగో, సంతకం లాంటి ఆబ్జెక్ట్‌లని సరైన సైజులో, సరైన చోట ఎలా నిలబెట్టాలో చూద్దాం. చిన్న టాపిక్ అనిపిస్తుంది కానీ, ఇక్కడ జరిగే తప్పు కంటికి కనిపించదు. అదే దీంట్లో ప్రమాదం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక స్కూల్లో పదో తరగతి పిల్లలు 35 మంది ఉన్నారు. రోల్ నంబర్, పేరు, తండ్రి పేరు, సెక్షన్, చివరి కాలమ్‌లో ఫోటో. లిస్ట్ రెడీ. తర్వాత ఎవరో పేర్ల ప్రకారం సార్ట్ కొట్టారు. పేర్లు మారాయి, కొన్ని ఫోటోలు మాత్రం పాత చోటే ఉండిపోయాయి. ఇప్పుడు అనూష పేరు పక్కన ఇంకో అమ్మాయి ఫోటో. ఫార్ములా తప్పయితే ఎక్సెల్ చాలాసార్లు ఎర్రర్ చూపిస్తుంది. ఇక్కడ ఏ ఎర్రరూ రాదు. షీట్ నీట్‌గానే ఉంటుంది, ప్రింట్ వస్తుంది, హెడ్‌మాస్టర్ గారు సంతకం కూడా పెట్టేస్తారు.

ఎందుకిలా అవుతుంది? మనం ఫోటోని సెల్ లోపల పెట్టాం అనుకుంటాం. నిజానికి అది సెల్ లోపల ఉండదు. సెల్స్ మీద ఒక అద్దం పరిచి, ఆ అద్దం మీద ఫోటో అతికించినట్టు అనుకోండి. కింద కాగితం కదిలితే పైన ఫోటో కదలాలా వద్దా అనేది వేరే సెట్టింగ్. ఫోటో మీద రైట్ క్లిక్ చేసి, సైజ్ అండ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, ప్రాపర్టీస్ అనే భాగం తెరిస్తే మూడు ఆప్షన్లు కనిపిస్తాయి.

మొదటిది, మూవ్ అండ్ సైజ్ విత్ సెల్స్. సెల్ కదిలితే ఫోటో కదులుతుంది, సెల్ సాగితే ఫోటో కూడా సాగుతుంది. రెండోది, మూవ్ బట్ డోంట్ సైజ్ విత్ సెల్స్. కదులుతుంది, సైజు మాత్రం మారదు. మూడోది, డోంట్ మూవ్ ఆర్ సైజ్ విత్ సెల్స్. కింద ఏం జరిగినా ఇది ఉన్నచోటే ఉంటుంది.

ఇప్పుడు అసలు పాయింట్. మామూలుగా ఫోటో ఇన్సర్ట్ చేస్తే ఎక్సెల్ దానికి రెండో ఆప్షన్ ఇస్తుంది. ఫిల్టర్ పెట్టి ఒక్క ఏ సెక్షన్‌నే చూపించామనుకోండి, మిగతా వరసలు దాక్కుంటాయి. కానీ వాటి ఫోటోల సైజు మారదు కదా, అందుకే అవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. మొదటి ఆప్షన్ పెడితే వరసతో పాటు ఫోటో కూడా దాక్కుంటుంది. సో, లిస్టులో ఉండే ఫోటోలకి మొదటి ఆప్షనే కావాలి.

కానీ తొందరపడి ముందే అది పెట్టకండి. తర్వాత వరస ఎత్తు పెంచితే పిల్లల ముఖాలు కూడా సాగిపోతాయి. అందుకే ఈ పనికి ఒక వరస క్రమం ఉంది: ముందు కాగితం, తర్వాత సెల్, తర్వాత ఫోటో, చివర్లో ప్రాపర్టీ.

కాగితంతో మొదలుపెడదాం. ఏ4 ఎత్తు 29.7 సెంటీమీటర్లు. పైనా కిందా 1.9 చొప్పున మార్జిన్ తీసేస్తే దాదాపు 25.9 మిగులుతుంది. ఫోటో సైజు 3.5 బై 4.5 సెంటీమీటర్లు అనుకుందాం. చుట్టూ కాస్త ఖాళీ ఉండాలి కాబట్టి వరస ఎత్తు 4.8 పెడదాం. పేజీకి ఐదు వరసలు పడతాయి, హెడింగ్‌కి దాదాపు 1.9 మిగులుతుంది. 35 మందికి ఏడు పేజీలు. లెక్క ముందే తేలిపోయింది.

తర్వాత సెల్. ఇక్కడే చాలామంది తికమక పడతారు. వరస ఎత్తు పాయింట్లలో ఉంటుంది. అంగుళానికి 72 పాయింట్లు. 4.8 సెంటీమీటర్లు అంటే సుమారు 136 పాయింట్లు. కాలమ్ వెడల్పు మాత్రం పాయింట్లు కాదు, అక్షరాల లెక్క. డిఫాల్ట్ ఫాంట్‌లో ఎన్ని సున్నాలు పడతాయో ఆ సంఖ్య. కాబట్టి ఎత్తుకి 50, వెడల్పుకి 50 ఇస్తే చతురస్రం రాదు! ఈ గొడవ లేకుండా వ్యూ ట్యాబ్‌లో పేజ్ లేఅవుట్‌లోకి వెళ్లండి. అక్కడ రెండూ సెంటీమీటర్లలోనే ఇవ్వొచ్చు. అంగుళాలు చూపిస్తుంటే ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో రూలర్ యూనిట్స్ మార్చుకోండి. ఫోటో కాలమ్ వెడల్పు 3.8 పెడదాం.

ఇక ఫోటోలు. ముందు క్రాప్ చేసి అన్నిటి నిష్పత్తి ఒకేలా చేయండి. లాక్ యాస్పెక్ట్ రేషియో టిక్ అలాగే ఉంచండి, లేదంటే ముఖాలు సాగుతాయి. తర్వాత ఒక ఫోటో మీద క్లిక్ చేసి కంట్రోల్ ఏ నొక్కితే షీట్‌లో ఉన్న ఆబ్జెక్ట్‌లన్నీ సెలెక్ట్ అవుతాయి. లోగో లాంటివి ఉంటే కంట్రోల్ పట్టుకుని వాటిని క్లిక్ చేసి తప్పించండి. ఎత్తు 4.5 అని ఒక్కసారి ఇస్తే అన్నిటికీ వర్తిస్తుంది. ప్రతి ఫోటో దాని సెల్ గీతల లోపలే పూర్తిగా ఉండాలి. గీత దాటి కొంచెం బయటికి వచ్చినా సార్ట్‌లో పేరుతో పాటు కదులుతుందన్న గ్యారంటీ లేదు. ఆల్ట్ కీ పట్టుకుని లాగితే ఫోటో అంచు సెల్ గీతకి వచ్చి అతుక్కుంటుంది, చేతి అంచనా అక్కర్లేదు.

ఇప్పుడు అన్నీ సెలెక్ట్ చేసి మొదటి ఆప్షన్ పెట్టండి. ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లో కట్, కాపీ అండ్ సార్ట్ ఇన్సర్టెడ్ ఆబ్జెక్ట్స్ విత్ దెయిర్ పేరెంట్ సెల్స్ అనే టిక్ ఉందో లేదో కూడా చూడండి. అది తీసేసి ఉంటే సార్ట్‌లో ఫోటోలు కదలవు.

మరి లిస్ట్ కింద ఉండే హెడ్‌మాస్టర్ సంతకం? దానికి రెండో ఆప్షన్. మూడోది పెడితే, మధ్యలో ఇంకో ఇద్దరు పిల్లల్ని చేర్చినప్పుడు లిస్ట్ కిందికి పెరుగుతుంది, సంతకం మాత్రం కదలదు. చివరి పిల్లల పేర్ల మీదకి వచ్చేస్తుంది. స్కూల్ లోగో ప్రతి పేజీలో రావాలంటే షీట్ మీద పెట్టకండి, హెడర్‌లో పిక్చర్‌గా పెట్టండి.

ప్రింట్ దగ్గర ఒక జాగ్రత్త. ఫిట్ ఆల్ కాలమ్స్ ఆన్ వన్ పేజ్ పెడితే ఎక్సెల్ మొత్తాన్ని కుదిస్తుంది. స్కేల్ 80 శాతానికి వస్తే 4.5 సెంటీమీటర్ల ఫోటో 3.6 అయిపోతుంది. స్క్రీన్ మీద సైజు కరెక్ట్‌గానే కనిపిస్తుంది, కాగితం మీద కాదు. స్కేల్ 100 ఉందో లేదో చూసుకోండి.

మైక్రోసాఫ్ట్ 365 వాడేవాళ్లకి ప్లేస్ ఇన్ సెల్ అనే ఆప్షన్ ఉంది. అందులో ఫోటో నిజంగానే సెల్ విలువ అయిపోతుంది, సార్ట్, ఫిల్టర్ దేనికైనా సెల్‌తోనే వెళ్తుంది. కానీ ఆ ఫైల్ తెరిచే అవతలివాళ్ల దగ్గర పాత వెర్షన్ ఉంటే ఇది పనికిరాదు, కనుక్కుని వాడండి.

కోడ్ రాసేవాళ్లకి ఒక్క మాట. వీబీఏలో లెఫ్ట్, టాప్, విడ్త్, హైట్ అన్నీ పాయింట్లే, కాలమ్‌విడ్త్ మాత్రం అక్షరాల లెక్క. ఆ రెండిటినీ కలపకండి.

చివరిగా, ఫైల్ పంపే ముందు ఒక టెస్ట్ చేయండి. కాపీ తీసుకుని పేరుతో ఒకసారి సార్ట్ కొట్టండి, సెక్షన్‌తో ఒకసారి ఫిల్టర్ పెట్టండి, ఒక పేజీ ప్రింట్ తీసి స్కేలుతో కొలవండి. ఐదు నిమిషాల పని. పిల్లల పేరు పక్కన వాళ్ల ముఖమే ఉందని అప్పుడు ధైర్యంగా చెప్పొచ్చు. డౌట్స్ ఉంటే అడగండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో చార్ట్‌ల సంగతి చూద్దాం. ఉంటాను మరి.