ఎర్రమట్టి మీద నీలినీడ

ఆకాశం నుంచి రాలే హిమానికీ, వేకువన నేలను కమ్మే పొగకూ, గడ్డిపరక కొసన నిలిచే చుక్కకూ తెలుగువారి వాడుకలో ఉన్న మాట ఒక్కటే, మంచు. ఈ మూడింటిలో మొదటిది ఖరగ్‌పూర్‌కు ఎన్నడూ దక్కదు గాని, తక్కిన రెండూ ధనుర్మాసమంతా కొరత లేకుండా దొరుకుతాయి. వస్తువు రూపురేఖల కంటే, ఒకానొక క్షణంలో దాని మీద పడిన వెలుగునే చిత్రవస్తువుగా ఎంచుకొని, 1874లో పారిస్‌లో తొలి ప్రదర్శన పెట్టిన ఫ్రెంచి చిత్రకారులను ఇంప్రెషనిస్టులు అంటారు. శీతకాలపు నేలను చూసి వారు వేసుకున్న ప్రశ్న హిమమెరుగని ఈ రైల్వే పట్టణానికీ అచ్చంగా వర్తిస్తుంది: తెల్లనిదాని మీద పడిన నీడది ఏ రంగు?

ఆ ప్రశ్నకు క్లాడ్ మోనే 1868–69 చలికాలంలో, నార్మండీ తీరాన ఎత్రెతా సమీపంలో గీసిన ‘లా పీ’ చిత్రంలో తొలి గొప్ప జవాబు ఉంది. హిమం కప్పిన తడిక, దాని పక్కన చిన్న గేటు, గేటు మీద ఒంటరిగా వాలిన నలుపు తెలుపుల పిట్ట, తడిక వెనకనుంచి వచ్చే ఎండ, ఆ ఎండకు చూపరి వైపు పరుచుకున్న నీడ తప్ప అందులో చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ లేదు. నీడ అనగానే గోధుమరంగో నలుపో కలపడం అలవాటైన కాలంలో మోనే అక్కడ నీలం పూశాడు. ఏటేటా జరిగే అధికారిక ప్రదర్శన అయిన సలోన్ 1869లో దాన్ని తిరస్కరించింది. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

నీడ నీలంగా ఉండటం చిత్రకారుడి విలాసం కాదు. నేరుగా వచ్చే ఎండకు అడ్డు తగిలిన చోటికి చేరే వెలుగంతా పైనున్న ఆకాశానిదే కాబట్టి, తనపై పడినదాన్ని పడినట్టే తిప్పి పంపే తెల్లని నేల అక్కడ ఆకాశపు నీలాన్నే చూపుతుంది. దీనికి కంటి స్వభావం తోడవుతుంది. గోబెలిన్ నేతశాలలో అద్దకం విభాగాన్ని చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్, పక్కపక్కన పెట్టిన రెండు రంగులు ఒకదానినొకటి ఎదుటి కొసకు నెడతాయని, అంటే నారింజ చెంత ఉన్న బూడిదరంగు కంటికి నీలిగా తోస్తుందని, 1839లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. కృత్రిమంగా తయారై చౌకబడిన అల్ట్రామెరీన్ నీలం, 1841లో వచ్చిన తగరపు రంగు గొట్టం తోడైన తరువాతే చిత్రకారుడు పెట్టె భుజాన వేసుకొని చలిలోకి వెళ్ళి, ఆ నీలాన్ని ఉన్నచోటనే పట్టుకోగలిగాడు.

రైల్వే పట్టణపు పాఠకులకు మరింత చేరువైన చిత్రం, అదే మోనే 1875లో అర్జాంతై స్టేషన్‌లో గీసిన ‘హిమంలో రైలు’. నల్లని ఇంజను, దాని ముందు పచ్చగా వెలిగే దీపాలు, వెనక్కు పోయేకొద్దీ బూడిదరంగులో కరిగిపోయే పెట్టెలు, బురద కలిసిన హిమం అందులో కనిపిస్తాయి. రెండేళ్ళ తరువాత వచ్చిన సాఁ లజార్ స్టేషన్ చిత్రాల కీర్తి ఈ చిన్న పటానికి దక్కకపోవడం అన్యాయం. ఎందుకంటే రంగు దాదాపు లేదనిపించే చోట ఎన్ని బూడిదలు దాగి ఉంటాయో, రెండు దీపాల పసుపు వాటన్నిటినీ ఎలా నీలివైపు తిప్పుతుందో ఇది చూపినంత స్పష్టంగా అవి చూపవు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1900లో హౌరాతో కలిపిన ఖరగ్‌పూర్‌కు, దాని వర్క్‌షాపు పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలు తరాలుగా ఇక్కడే స్థిరపడ్డాయి. చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరొందిన 1,072.5 మీటర్ల ప్లాట్‌ఫారం మీద జనవరి వేకువన నిలబడితే, దగ్గరి స్తంభం నల్లగా, దాని తరువాతిది బూడిదగా, ఆపైన పాలలో కలిపిన నీడలా కనిపించి, చివరకు ఏమీ కానరాదు. మంచు బిందువులు కాంతి తరంగాల కంటే ఎంతో పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ సమంగా చెదరగొట్టి తెల్లగా ఉంటాయి. టీ దుకాణపు బొగ్గుల పొయ్యి పొగలోని రేణువులు అతి సూక్ష్మం కాబట్టి నీలాన్నే ఎక్కువగా చెదరగొడతాయి. అందుకే మంచులోకి లేచే పొగ, చీకటి గోడకు ఎదురుగా, నీలిదారంలా విడిగా కనిపిస్తుంది.

అయితే పొడవైన నీడలు పరిచే వాలుటెండకు ఇక్కడ వ్యవధి తక్కువ. డిసెంబరు 21న పారిస్‌లో మధ్యాహ్న సూర్యుడు దిక్చక్రానికి సుమారు 18 డిగ్రీల ఎత్తుకు మించడు, మీటరు కర్రకు మూడు మీటర్ల నీడ పడుతుంది; ఖరగ్‌పూర్‌లో అదే వేళ సూర్యుడు 44 డిగ్రీలకు చేరడంతో నీడ దాదాపు కర్ర అంతే ఉంటుంది. మోనేకు చలికాలపు పగలంతా నిలిచిన వాలుటెండ ఇక్కడ పొద్దు పొడిచిన గంటన్నరకే ముగుస్తుంది.

ఆ గంటన్నరలో తెలుగు ఇంటి వాకిలి చూడదగ్గది. ఇనుము ఆక్సైడ్లతో ఎర్రబారిన జేగురు నేల మీద కళ్ళాపి చల్లగానే, నీరు మట్టిరేణువుల సందులు నింపి వెలుగును లోపలే ఉంచేయడం వల్ల, నారింజ ఛాయ ముదిరి కాల్చిన ఇటుక రంగుకు దిగుతుంది. దాని మీద వేసిన ముగ్గు ఒకే పిండి, ఒకే చేతి గీత. కాని గోడనీడలో ఉన్న సగం లేత నీలంగా, ఎండ తాకిన సగం గంధపు పసుపుగా ఉంటుంది. నిజమైన తెలుపు రెండింటిలోనూ లేదు. ఎర్రమట్టి మాత్రం తెలుపులా వచ్చినదంతా తిప్పి పంపదు, నీలాన్ని చాలామటుకు మింగేస్తుంది. అందుచేత ముగ్గుగీత నీలిగా ఉన్న అదే నీడలో పక్కనున్న నేల వంగపండు ఛాయకు తిరుగుతుంది. హిమాలయ దృశ్యాలను చిత్రించిన తుమ్మపూడి సంజీవదేవ్ (1914–1999) వల్ల తెలుగువారికి కొండల మీది హిమకాంతితో కొంత పరిచయం కలిగింది. వాకిట్లో కరగకుండా ఉండే ఈ హిమాన్ని కుంచెతో పట్టుకొనే పని ఇంకా మిగిలే ఉంది.

ఎనిమిది గంటలకు మంచు విడిపోయి, గోడనీడ గుమ్మం వైపు జరిగేసరికి ముగ్గంతా ఒకే పచ్చని తెలుపుకు వస్తుంది. సాయంత్రం మూడున్నర దాటాక సూర్యుడు మళ్ళీ అదే వాలుకు దిగి, ఎదురింటి నీడ వీధి దాటి వచ్చేటప్పటికి, పాదాలకు చెదిరి మిగిలిన గీతల్లో ఆ నీలం మరోసారి కనిపిస్తుంది.