సముద్ర కార్మిక చట్టం – ఒప్పంద భాష: తెలుగు నావిక కార్మికుని దృష్ట్యా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
విదేశీ జెండా కింద నడిచే ఓడల్లో పనిచేసే వారి హక్కులకు 2006 నాటి సముద్ర కార్మిక ఒడంబడిక ప్రధాన ఆధారం. కార్మికుడు తన హక్కులను, బాధ్యతలను తగినంతగా అర్థం చేసుకున్న తర్వాతే ఒప్పందంపై సంతకం చేయాలని ఈ ఒడంబడిక నిర్దేశిస్తుంది. ఆ అవగాహన ఏ భాషలో కలగాలన్న ప్రశ్నను తెలుగు కార్మికుని వైపు నుంచి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సముద్ర కార్మిక ఒడంబడిక, జెండా దేశం, నియామక రుసుము, పరిత్యాగం, ఒప్పంద భాష.

1. ఉపోద్ఘాతం
సంగారెడ్డి జిల్లాలోని నారాయణఖేడ్ కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గరగా ఉన్న ప్రాంతం. ఇక్కడి నుంచి సముద్రతీరం వందల కిలోమీటర్ల దూరం. అందువల్ల సముద్ర చట్టం విశాఖపట్నానికో, కాకినాడకో సంబంధించిన విషయమని భావించడం సహజం. అయితే ఓడ ఉద్యోగం రేవులో మొదలుకాదు. ఏజెంటుకు డబ్బు ముట్టజెప్పిన చోట, ఒప్పందంపై సంతకం చేసిన చోట మొదలవుతుంది. ఆ చోటు తీరానికి ఎంత దూరమైతే, అడిగి తెలుసుకోదగిన అనుభవజ్ఞులు అంత తక్కువ. అందుచేత ఈ చట్టం అవసరం తీరవాసికన్నా మెట్టప్రాంత యువకునికే ఎక్కువ అని చెప్పవచ్చు.

2. చారిత్రక నేపథ్యం
తెలుగునేలకు సముద్ర శాసనాలు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244–45 ప్రాంతంలో వేయించిన మోటుపల్లి అభయశాసనం ఇందుకు ప్రసిద్ధ నిదర్శనం. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకును పూర్వపు రాజులు స్వాధీనం చేసుకునేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు అభయమిచ్చాడు. ఆ అభయం వర్తకునికి, అతని సరుకుకు సంబంధించినది. ఓడ నడిపిన శ్రామికుని జీతం, విశ్రాంతి అందులో ప్రస్తావనకు రాలేదు.

గోదావరి ముఖద్వారంలోని కోరంగి ఓడల నిర్మాణానికి పేరొందిన రేవు. 1839 నాటి తుఫాను దాన్ని ధ్వంసం చేసింది. బర్మాకు వలసవెళ్లిన తెలుగువారిని అక్కడ కోరంగీలని పిలవడం ఆ రేవు ప్రాముఖ్యాన్ని తెలియజేస్తుంది. బ్రిటిష్ ఓడల్లో పనిచేసిన ఆసియా కార్మికులను లస్కర్లు అనేవారు. వారికి వేరే ఒప్పందాలు ఉండేవి, జీతాలు ఐరోపా నావికుల జీతాలకన్నా చాలా తక్కువ. లస్కర్లను కుదిర్చేవాడు, వారిపై అజమాయిషీ చేసేవాడు సరంగు. అధికారి మాటను కార్మికునికి, కార్మికుని మాటను అధికారికి చేరవేసేదీ అతడే. ఉపాధి, మాట రెండూ ఒకే మధ్యవర్తి చేతిలో ఉండటం ఇక్కడ గమనార్హం. ఆధునిక చట్టం ఈ స్థితిని మార్చడానికి ప్రయత్నించింది.

3. ఒడంబడిక స్వరూపం
ఓడ ఏ దేశంలో నమోదైతే ఆ దేశపు జెండా ఎగురవేస్తుంది, ప్రధానంగా ఆ దేశ చట్టానికే లోబడుతుంది. యజమాని ఒక దేశంలో, నిర్వహణ సంస్థ మరో దేశంలో, నమోదు పనామాలోనో లైబీరియాలోనో, సిబ్బంది భారతదేశం నుంచి ఉండటం నేటి నౌకారంగంలో సాధారణం. ఇలాంటి స్థితిలో కార్మికుడు ఎవరిని ప్రశ్నించాలన్నది జటిలమైన సమస్య.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006 ఫిబ్రవరిలో ఆమోదించిన సముద్ర కార్మిక ఒడంబడిక ఈ సమస్యకు సమాధానంగా వచ్చింది. ఇది 2013 ఆగస్టు 20న అమల్లోకి వచ్చింది. భారతదేశం 2015 అక్టోబర్ 9న ధ్రువీకరించింది, ఏడాది తర్వాత మన దేశానికి వర్తించింది. దీని ప్రకారం బాధ్యత మూడు చోట్ల ఉంటుంది: జెండా దేశం, ఓడ ఆగే రేవు ఉన్న దేశం, కార్మికుని నియామకం జరిగే దేశం. ఒడంబడికపై సంతకం చేయని దేశపు ఓడ అయినా, ధ్రువీకరించిన దేశపు రేవుకు వచ్చినప్పుడు అక్కడి తనిఖీ నుంచి తప్పించుకోలేదు.

4. నియామక రుసుము: గల్ఫ్ అలవాటు, ఓడ నియమం
తెలంగాణ పల్లెల్లో విదేశీ ఉద్యోగం అనగానే గల్ఫ్ గుర్తుకు వస్తుంది. 1983 నాటి వలసల చట్టం కింద నమోదైన ఏజెంటు వలస కార్మికుని నుంచి రూ.30,000 వరకు, దానిపై జీఎస్టీతో, సేవారుసుము తీసుకోవచ్చు. ఆచరణలో అంతకు మించి వసూలు చేయడం, అందుకు కుటుంబాలు అప్పులు చేయడం తెలిసిన విషయమే. ఈ అనుభవం వల్ల ఏజెంటుకు డబ్బివ్వడం న్యాయమేనన్న భావన స్థిరపడింది.

ఓడ ఉద్యోగానికి నియమం వేరు. ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుని నుంచి రుసుము వసూలు చేయరాదు. చట్టరీత్యా అవసరమైన వైద్య ధ్రువపత్రం, నావికుని సేవాపుస్తకం, పాస్‌పోర్టు ఖర్చులు మాత్రమే అతనివి. వీసా ఖర్చును కూడా ఓడ యజమానే భరించాలి. భారతదేశంలో నావికుల నియామక సంస్థలు నౌకాయాన డైరెక్టరేట్ జనరల్ నుంచి లైసెన్సు పొందాలి. గల్ఫ్ కొలమానంతో ఓడ ఉద్యోగాన్ని చూసే కుటుంబం, అడిగిన మొత్తం ఎక్కువా తక్కువా అని ఆలోచిస్తుంది. అసలు అడగడమే నిషిద్ధమన్న సంగతి దాని దృష్టికి రాదు.

5. ఒప్పంద భాష
సంతకానికి ముందు ఒప్పందాన్ని పరిశీలించుకోవడానికి, సలహా తీసుకోవడానికి కార్మికునికి అవకాశం ఉండాలి. హక్కులు, బాధ్యతలు తగినంతగా అర్థమై, స్వేచ్ఛగా సంతకం చేసేందుకు అవసరమైన సదుపాయాలు కూడా కల్పించాలి. ఇది ఒడంబడికలోని నియమం. ఒప్పందం ఆంగ్లంలో లేకపోతే, విదేశీ ప్రయాణాలు చేసే ఓడలో దాని నమూనా ఆంగ్లప్రతి ఉండాలని కూడా ఒడంబడిక చెబుతుంది. ఇది రేవు తనిఖీ అధికారికి ఉపకరించే ఏర్పాటు. ఒప్పందానికి కార్మికుని మాతృభాషా ప్రతి ఉండాలన్న సమానమైన నియమం మాత్రం లేదు. చదివే అధికారికి భాష నిర్ణయమైంది, సంతకం చేసే కార్మికునికి కాలేదు.

ఈ లోటు తీవ్రతను రెండు పదాల ద్వారా గుర్తించవచ్చు. మొదటిది పరిత్యాగం. ఓడను, సిబ్బందిని వదిలి యజమాని వెళ్లిపోవడమే పరిత్యాగమని సామాన్యార్థం. చట్టార్థం ఇంతకన్నా విస్తృతం. స్వదేశానికి పంపే ఖర్చు భరించకపోవడం, తిండి, నీరు, వైద్యం వంటి అవసరాలు తీర్చకపోవడం, ఏకపక్షంగా సంబంధం తెంచుకోవడం దీని కిందికి వస్తాయి. కనీసం రెండు నెలల జీతం చెల్లించకపోవడం కూడా ఈ సంబంధం తెంచుకోవడంలో భాగమే. అప్పుడు ఆర్థిక హామీ నుంచి నాలుగు నెలల వరకు జీతం బకాయి, స్వదేశ ప్రయాణ ఖర్చు లభిస్తాయి. ఈ హామీ 2017 జనవరి నుంచి అమల్లో ఉంది. తెలుగు కార్మికుడు దీన్ని జీతం బకాయి అనే అనుకుంటే నెలల తరబడి ఎదురుచూస్తాడు. పరిత్యాగమని గుర్తిస్తే మూడో నెలలోనే హామీని కోరగలడు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య లెక్కల్లో 2024లో ఇలా పరిత్యక్తులైన నావికులు 3,000 మందికి పైగా ఉన్నారు. వారిలో భారతీయులే అత్యధికులు.

రెండవది విశ్రాంతి. ఏ 24 గంటల్లోనైనా కనీసం 10 గంటలు, ఏ ఏడు రోజుల్లోనైనా కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలన్నది నియమం. పని మధ్యలో దొరికే చిన్న విరామాలు ఈ లెక్కలోకి రావు. వాడుక తెలుగులో టీ తాగే పది నిమిషాలూ విశ్రాంతే. ఈ భేదం తెలియని కార్మికుడు విశ్రాంతి పట్టికపై యథాలాపంగా సంతకం చేస్తాడు. ప్రమాదం జరిగినప్పుడు ఆ సంతకం అతనికే ప్రతికూల సాక్ష్యం కావచ్చు.

6. ముగింపు
సరంగు కాలంలో కార్మికుని మాట మధ్యవర్తి చేతిలో ఉండేది. ఒడంబడిక ఆ మాటను లిఖిత ఒప్పందంగా మార్చింది. అయితే ఆ లిఖితం అర్థం కానంతవరకు మధ్యవర్తి అవసరం తొలగదు. నారాయణఖేడ్ వంటి ప్రాంతంలో ఆ పాత్ర మళ్లీ ఏజెంటుకే దక్కుతుంది. నౌకారంగానికి సంబంధించి 1958 నాటి చట్టం స్థానంలో 2025లో పార్లమెంటు కొత్త చట్టాన్ని ఆమోదించింది. ఈ దశలో ఒప్పంద నమూనాకు, ఫిర్యాదు విధానానికి తెలుగు ప్రతులు సిద్ధం చేయడం తక్షణ అవసరం. కేవలం పదానికి పదం పెట్టే అనువాదం ఇందుకు చాలదు. సామాన్యార్థం, చట్టార్థం వేరయ్యే ప్రతిచోటా వివరణతో కూడిన పదకోశం కావాలి. లంగరు, సుక్కాని, సరంగు, కళాసీ వంటి పదాలను తనలో కలుపుకొన్న తెలుగుకు ఈ పని అసాధ్యం కాదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, న్యాయ కళాశాలలు కలిసి దీన్ని చేపడితే, చట్టం కోరిన ‘తగినంత అవగాహన’ తెలుగు కార్మికునికి సంతకానికి ముందే అందుతుంది.