మరచీపురును పనిమనిషియు

హైదరాబాదు నగరమునకు తూర్పున దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి. నగరు వఱకు గల గృహములలో గడచిన కొన్నియేండ్లుగా నొక క్రొత్త పరికరము కానవచ్చుచున్నది. అది పీటవలె గుండ్రముగా, నాలుగంగుళముల యెత్తున నుండును. మంచములక్రిందను సోఫాలక్రిందను దూరి దుమ్మును పీల్చుకొనును; తడిగుడ్డతో గచ్చు తుడుచును; బలము తగ్గినంతనే తానుగా బోయి గోడవద్దనున్న పీఠము నాశ్రయించి విద్యుచ్ఛక్తిని నింపుకొనును. వర్తకులు దీనిని రోబో వాక్యూం క్లీనరందురు. ఇంటిలోని పిల్లలు రోబో యందురు. మేము మరచీపురందుము. దీని వెల రమారమి 15,000 రూపాయలు మొదలుకొని లక్షవఱకు గలదు. ఇది విలాసవస్తువా, యవసరవస్తువా యను చర్చ మాకంత ముఖ్యముగా దోపలేదు. ఇల్లూడ్చుట యెవరి పని, దాని విలువ యెంత యను పాతప్రశ్నను ఈ యంత్రము మరల మన ముంగిట నిలిపినది. దానిని గూర్చియే వ్రాయదలచితిమి.

ఈ ప్రాంతమును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన ఎల్.బి. నగరు 2007 వఱకు ప్రత్యేక పురపాలకసంఘముగా నుండి, ఆ సంవత్సరమున మహానగరపాలక సంస్థలో విలీనమయ్యెను. విజయవాడమీదుగా బందరు వఱకు బోవు 65వ నంబరు జాతీయమార్గ మిచ్చటినుండియే సాగును. ఆ మార్గమువెంట వచ్చిన నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము జిల్లాలవారును, కృష్ణా గుంటూరు మండలములవారును పొలములమ్మియో, యుద్యోగములు చేసియో యిచ్చట నిండ్లు కట్టుకొనిరి. 2018 సెప్టెంబరు 24వ తేదీన మెట్రోరైలు ఎల్.బి. నగరు చేరినది. ఇండ్లు పెరిగినవి, అంతస్తులు పెరిగినవి, వానితో దుమ్మును పెరిగినది. కూడలి సమీపమున నుదయ మూడ్చిన గచ్చు సాయంకాలమునకు కాలిక్రింద గరగరలాడును.

ఆ యిండ్లలో నివసించువా రెవరు? భార్యాభర్తలిరువురును ఉద్యోగములకు బోవువారు కొందఱు. కుమారులు అమెరికాలో నుండగా రెండు పడకగదుల యింటిలో మిగిలిన వృద్ధదంపతులు మఱికొందఱు. మోకాళ్లనొప్పితో వంగలేని తల్లికి కుమారుడు డల్లాసునుండి యీ యంత్రమును గొని పంపును. అచ్చట దనకు రాత్రియైనప్పుడు సెల్‌ఫోను నొక్కి వనస్థలిపురములో తల్లి యిల్లూడ్చును! దూరమునుండి చేయగల సేవ యిది యొక్కటియే కాబోలు. దీనిని మేము పరిహసింపము. ఇల్లు శుభ్రమగుచున్నది, తల్లికి నడుమునొప్పి తప్పుచున్నది.

అయినను, ఈ యంత్రమునకు మన నగరములలో విస్తారముగా గిరాకి కలిగిన కాలమును మఱవరాదు. 2020 మార్చి 25వ తేదీన దేశమంతట లాక్‌డౌను విధింపబడెను. అపార్టుమెంటు సంఘములనేకములు పనిమనుష్యులను ద్వారము దాటి రానీయవయ్యెను. రోగభయమున నట్లు చేసిరనుట నిజమే. కాని, రానీయని నెలలకు జీతమిచ్చిన గృహస్థులు కొందఱు, ఈయనివారనేకులు. ఇరువది యేండ్లకు దరువాత చీపురు పట్టిన యజమానురాండ్రు, మొట్టమొదట పట్టిన యజమానులు, ఇంతకాలము తమ యింట జరుగుచుండిన పని యెంతటిదో యప్పుడు గ్రహించిరి. గ్రహించినవారు జీతము పెంచిరా? కొందఱు పెంచియుండవచ్చును. పెక్కండ్రు యంత్రముయొక్క వెల విచారించిరి.

యంత్రముయొక్క పుట్టుపూర్వోత్తరములును దెలిసికొనదగినవి. మన దేశమున వాక్యూం క్లీనరును ఇంటింటికి మోసికొనివచ్చి విక్రయించినవారు యూరేకా ఫోర్బ్స్ కంపెనీవారు. ఆ కంపెనీ స్వీడను దేశపు ఎలక్ట్రోలక్స్ వారి భాగస్వామ్యమున 1982లో నేర్పడినది. మనుష్యుడు వెంట నుండనక్కఱలేని యంత్రమును 2001లో మొదట నంగడికి దెచ్చినవారును ఆ ఎలక్ట్రోలక్స్ వారే. మఱుసటియేడు అమెరికాలోని ఐరోబాట్ కంపెనీ రూంబా యను దానిని చౌకగా విక్రయింప మొదలిడెను. మసాచుసెట్సు సాంకేతికవిద్యాలయపు మేధావులు 1990లో స్థాపించిన యీ కంపెనీయే యమెరికా సైన్యమునకు ఆఫ్గనిస్థానపు గుహలు వెదకు యంత్రములనుగూడ నిర్మించినది. కోట్లకొలది మరచీపుళ్లమ్మిన యీ సంస్థ కడపటి గతి యేమి? అమెజాను వారు 2022లో దీనిని గొనుటకు నిశ్చయించి, యూరపులోని యధికారుల యభ్యంతరములవలన 2024 జనవరిలో మానుకొనిరి. 2025 డిసెంబరులో నది దివాలా రక్షణను గోరి, తన యంత్రములను దయారుచేయుచుండిన చైనా కంపెనీకే స్వాధీనమగుటకు సమ్మతించెను. పేరు తనదిగా నుంచుకొని పని పరులచేతులలో బెట్టినవాని కేమగునో ప్రపంచమున కింతకంటె స్పష్టమైన పాఠము దొరకదు. మన దేశమున గురుగ్రామమునందలి మిలాగ్రో వంటి సంస్థలు తమ పేర నిట్టి యంత్రములను విక్రయించుచున్నవి. అయినను దిల్‌సుఖ్‌నగరు దుకాణములలో గానవచ్చువానిలో నధికభాగము చైనానుండి వచ్చినవే. 2020 జూనులో మన ప్రభుత్వము 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు హర్షించిన గృహములలోనే యివి నిరాటంకముగా దిరుగుచున్నవి.

ఈ యంత్రము మన యిండ్లకు దగినదేనా? పైభాగమున దిరుగు లేజరు కిరణము గోడలకును సామానులకును దగిలి మరలివచ్చు తీరునుబట్టి యిది యింటి పటము వ్రాసికొనును. అడుగున నున్న పరారుణ కిరణములవలన ముందు నేల యున్నదో, మెట్టు దిగుడున్నదో తెలిసికొనును. కిరణమును నల్లనిది మ్రింగివేయును గనుక, మనవారు వేడుకపడి వేయించుకొన్న నల్లగ్రానైటు పట్టీలను జూచి కొన్ని యంత్రములు గోతులని భ్రమించి వెనుదిరుగును. రెండు సెంటీమీటర్లకు మించిన యెత్తును సాధారణముగా నెక్కలేవు. పసుపురాచి బొట్లుపెట్టిన కొయ్యగడప వీనికి కోటగోడయే. సరూర్‌నగరులోని పాతయిండ్ల షాబాదుబండల సందులలో జేరిన మట్టిని ఇవి సంపూర్ణముగా లాగజాలవు. దేవునిగదిలో వేసిన ముగ్గునకును దుమ్మునకును గల భేదము వీనికి దెలియదు. పూలదండ దారమును, ఆడువారి పొడుగుతలవెండ్రుకలును బ్రష్షునకు జుట్టుకొని దానిని నిలిపివేయును. దీపములు పెట్టినపిమ్మట నిల్లూడ్వరాదను పెద్దలమాట యొకటి యున్నది గదా! ఆఫీసునుండి రాత్రి యెనిమిదింటికి వచ్చి యంత్రమును బయలుదేరదీసిన కోడలిని అత్తగారు వారింతురు. ఇట్టి యిండ్లలో దానికి పగటివేళనే పని నియమించి వివాదము తీర్చుకొనుచున్నారు.

అన్నిటికంటె మాకు వింతగొలుపునది ఈ యంత్రమునకు మనము చేయు శుశ్రూష. దానిని విడుచుటకు ముందు కుర్చీలెత్తిపెట్టుదుము, వైర్లు ప్రోగుచేయుదుము, చాపలు చుట్టుదుము. దాని దుమ్ముపెట్టెను దినదినమును దులుపుదుము. గుడ్డ నుదికి యారవేయుదుము. వారమునకొకమాఱు దానిని వెల్లకిలబెట్టి కత్తెరతో వెండ్రుకలు కత్తిరింతుము. సోఫాక్రింద జిక్కుకొని యది మొఱపెట్టినచో గృహయజమానుడు బోరగిలబడి బయటకు లాగును. సగము గదియూడ్చి శక్తిచాలక పోయి పీఠమెక్కి కూర్చున్న నెవ్వరును గోపింపరు. పాపము, చార్జింగు కావలెనందురు. దాని వెలవద్ద బేరమాడుటకు దుకాణదారుడు సందీయడు, మనమును బట్టుబట్టము.

ఇదే గృహములకు నుదయము ఆఱుగంటలకే వచ్చు స్త్రీ సంగతి యేమి? నల్లగొండనుండియో, పాలమూరునుండియో పొట్టచేతబట్టుకొని వచ్చి యిఱుకుగదిలో కాపురముండి, యొకపూటలో నాలుగైదిండ్ల పని చేయును. నెలకు రెండువందల రూపాయలు పెంచుమన్నచో మూడురోజులు వాదింతుము. జ్వరమువచ్చి రెండు దినములు రానిచో జీతము కోయుదుము. కాఫీకి ప్రత్యేకపు గ్లాసు, కూర్చుండుటకు నేల, కొన్ని యపార్టుమెంటులలో లిఫ్టులో నామె కెక్కు హక్కులేదు. నాలుగంతస్తులెక్కినందుకు ఆయాసమువచ్చునని యెవ్వరును దలపరు. చార్జింగను మాట యామె విషయమున మనకు స్ఫురింపదు.

యంత్రము వచ్చినదని యామె యక్కఱ తీరలేదు. అది గిన్నెలు తోమదు, స్నానపుగది కడుగదు, బూజు దులుపదు, మెట్లూడ్వదు. కావున నామె వచ్చుచునేయున్నది. ఊడ్చు పని తగ్గినదని జీతములో గొంత తగ్గింప జూచుటయే యనేకచోట్ల జరుగుచున్న మార్పు. లెక్కవేయుడు: నెలకు 2,500 రూపాయల జీతమైనచో 30,000 రూపాయల యంత్రపు వెల యామెకు సంవత్సరకాలపు జీతము. ఒక్కమాఱుగ నంతసొమ్ము చైనాకంపెనీకి జెల్లింపగలవారము, ఇంటి పనిమనిషికి నెలకు రెండువంద లెక్కువ యీయజాలమనుట యెట్టి లెక్కయో మాకు బోధపడదు.

మహాత్ముడు యంత్రమాత్రమునకు విరోధి యని కొందఱి యభిప్రాయము. అది సరికాదు. 1924లో యంగ్ ఇండియా పత్రికలో వెలువడిన సంభాషణలో నాయన సింగరు కుట్టుమిషనును మినహాయించెను. భార్య సూదిదారములతో బడు కష్టమును చూడలేక సింగరు దానిని నిర్మించెనని ప్రశంసించెను. యంత్రము వ్యక్తికి మేలుచేయవలెను గాని కొందఱు పలువుర వీపులమీద నెక్కుటకు సాధనము గారాదనుట యాయన భావము. ఈ కొలత మరచీపురునకు సరిపోవును. పనిమనిషిని పెట్టుకొనజాలక తానే వంగి యూడ్చి, పిదప బస్సెక్కి యుద్యోగమునకు బోవు గృహిణికి ఇది సింగరుమిషనే. ఆమె దీనిని గొన్నచో మేము సంతోషింతుము. జీతము తగ్గించు నిమిత్తము కొన్నవారి విషయము వేఱు.

ఊడ్చుట నీచజాతివారి పని యను దురభిమానమును ఈ యంత్రము పోగొట్టునని యాశించువారు కలరు. 1901లో కలకత్తా కాంగ్రెసునందు మరుగుదొడ్ల దుర్గంధమును గూర్చి గాంధి చెప్పగా, అది పాకీవాని పని యని వలంటీర్లు తొలగిరి; ఆయన తానే చీపురు దెప్పించుకొనెను. నేడు జన్మమున చీపురు ముట్టని పురుషుడు సెల్‌ఫోనుతో నిల్లూడ్చి యిరుగుపొరుగువారికి జూపించుచున్నాడు! చీపురు పట్టుటకు సిగ్గుపడు మనస్సు మాఱలేదు. చేయి మాత్రము చీపురునకు మఱింత దూరమైనది. విశాఖ మన్యమున గిరిజనులు సేకరించి గిరిజన సహకార సంస్థకు విక్రయించు కొండచీపురు, గడపలవద్దను దేవునిగదిలోను నేటికిని దప్పనిసరియే గనుక, దాని కూడి ఇంకను పోలేదు.

పనిమనిషి యింటిగుట్టు పొరుగింటికి మోయునని మనవారు తఱచు నిందింతురు. మరచీపురు మోసెడి గుట్టు మాటయేమి? గదు లెన్ని, మంచ మెక్కడ, బీరువా యెక్కడ నను పటము దాని జ్ఞాపకమున నుండును. అనేకయంత్రములు దానిని కంపెనీవారి దూరపు కంప్యూటర్లకు బంపును. కొన్నిటికి కెమెరాయు గలదు. రూంబా పరీక్షాయంత్రములు 2020లో దీసిన చిత్రములు, మరుగుదొడ్డిపై గూర్చున్న స్త్రీ చిత్రముతో సహా, వెనెజులాలోని కూలిపనివారి గుంపులలో బయటపడినవని అమెరికాలోని ఎం.ఐ.టి. టెక్నాలజీ రివ్యూ 2022 డిసెంబరులో వెల్లడించెను. 2024లో అమెరికాలోని కొన్ని గృహములందు ఎకోవాక్స్ వారి యంత్రములను ఎవరో వశపఱచుకొని, వానినుండియే యింటివారిని బూతులు తిట్టిరి. మన పార్లమెంటు 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేసినది. చట్టమున్నను, కెమెరా లేనిదానిని గొనుటయు, పడకగదిని పటమునుండి తొలగించుటయు గృహస్థుని చేతిలోని పనులు.

పనిమనిషికి చట్టరక్షణ యింతకంటె స్వల్పము. 2011లో జెనీవాలో అంతర్జాతీయ కార్మికసంస్థ గృహకార్మికులకై 189వ యొడంబడిక నంగీకరించినప్పుడు భారతదేశము దానికి వోటిచ్చెను, ఇంతవఱకు ధ్రువీకరింపలేదు. గృహకార్మికులకు బ్రత్యేకశాసనము అవసరమా యని విచారింప నొక సంఘమును నియమింపవలసినదని 2025 జనవరిలో సుప్రీముకోర్టు కేంద్రప్రభుత్వము నాదేశించినది. శాసనము వచ్చువఱకు వేచియుండనక్కఱలేని పనులు కొన్ని కలవు. కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురము కాలనీసంఘములు తమ తరువాతి సమావేశముననే లిఫ్టువద్ద నట్టి నిషేధపు బోర్డులున్నచో దీసివేయవచ్చును. జీతమును, సెలవును కాగితముమీద వ్రాసికొనవచ్చును. మరచీపురు గల గృహమున ఆదివారము నాడు గచ్చు దానికి విడిచి, గిన్నెలు ఇంటివారు తోముకొని, ఆమెకు జీతముతో సెలవీయవచ్చును; నెలకు నాలుగు దినములు.