పెనాంగులో ఒక పగలు

ఓడ తెల్లవారేసరికి మలేషియాలోని పెనాంగు రేవు చేరింది. మళ్ళీ బయలుదేరేది రాత్రికే. ఓడవారి విహారయాత్రకు మా నలుగురికీ టిక్కెట్లు కొంటే చేతిలో డబ్బు కాస్తా హరీ!

"కాళ్ళున్నాయి కదండీ!" అంది మా ఆవిడ.

నిజమే. రేవు దిగితే జార్జిటౌన్ నడిబొడ్డే. 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఊరు. కార్న్‌వాలిస్ కోట కూతవేటు దూరం. నీళ్ళలో గుంజల మీద నిలిచిన చీనావారి ఇళ్ళు చూడ్డానికి కానీ ఖర్చు కాలేదు. ఊరు తిప్పిన 'క్యాట్' బస్సుకు టిక్కెట్టే లేదు!

మధ్యాహ్నం లిటిల్ ఇండియాలో అరిటాకు భోజనం. 1833 నాటి మారియమ్మ గుడి దగ్గర అమ్మ చతికిలబడింది.

"నీ కాళ్ళు సరే, నావి అరిగిపోయాయే కోడలా!"

ఓడ ఎవరికోసమూ ఆగదు. బేరమాడకుండా టాక్సీ పిలిచాను. పొద్దుటినుంచీ మిగిల్చిన డబ్బు అక్కడ అక్కరకొచ్చింది.