ఆటల చిప్పు... మందుల వేట!

'ఎప్పుడు చూసినా ఆ గేములేనా? కాస్త పుస్తకం తియ్యకూడదూ!' పిల్లాడున్న ప్రతి ఇంట్లోనూ రోజూ వినిపించే మాటే ఇది. ఇదే మాట ఓ ప్రోగ్రామరు దగ్గర అని చూడండి. అవునని తలూపడు సరికదా, ఆ గేమే లేకపోతే ఇవాళ కృత్రిమ మేధ ఎక్కడుందంటూ వాదనకు దిగుతాడు. పిల్లాడి తెరమీద కారు నున్నగా మెరవాలని తయారుచేసిన చిప్పులే ఇప్పుడు ప్రయోగశాలల్లో కొత్త మందుల కోసం గాలిస్తున్నాయి మరి. ఆ చిప్పుల కథ మన సంగారెడ్డి రోడ్డుదాకా వచ్చేసింది. అదే రోడ్డుకు దగ్గర్లో పారే ఓ వాగుకీ ఆ కథలో చోటుంది!

చుక్కల లెక్క

కంప్యూటర్ తెర అంటే చుక్కల ముగ్గు లాంటిది. మామూలు హెచ్‌డీ తెరమీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే మొత్తం 20,73,600. వీడియోగేమ్‌లో బొమ్మ తడబడకుండా కదలాలంటే ఈ ముగ్గుని సెకనుకు 60 సార్లు చెరిపి మళ్లీ వెయ్యాలి. లెక్క కడితే, సెకనుకు సుమారు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు రంగు నిర్ణయించాలన్నమాట!

కంప్యూటర్‌లో ఉండే మామూలు ప్రాసెసర్ చాలా తెలివైంది. ఎంత చిక్కు లెక్కయినా చేస్తుంది. కానీ అది ఒంటరి పనిమంతుడు. ఎకరం పొలంలో ఒక్కడే నాట్లు వేస్తే ఎప్పటికి తెములుతుంది? అదే పాతికమంది ఆడవాళ్లు వరుసగా నిలబడి వంగితే మధ్యాహ్నానికల్లా మడి పచ్చబడుతుంది. గ్రాఫిక్స్ చిప్పులో జరిగేది అదే. వేల సంఖ్యలో చిన్నచిన్న లెక్కల యంత్రాలు ఒకేసారి, ఒకే రకం పని చేసుకుపోతాయి.

1993లో మొదలైన ఎన్విడియా కంపెనీ 1999లో జీఫోర్స్ 256ని విడుదల చేసినప్పుడు దాని గురి గేములు ఆడేవాళ్లమీదే. ఆ చిప్పుతో వేరే లెక్కలు కూడా చేయించొచ్చని పరిశోధకులు తర్వాత కనిపెట్టారు. 2012లో కెనడాలోని టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు గేముల కోసం అమ్మే గ్రాఫిక్స్ కార్డులు రెండే రెండు పెట్టుకుని, ఫొటోలో ఉన్నది పిల్లా, కుక్కా, పడవా అని గుర్తుపట్టే ప్రోగ్రామ్ తయారుచేశారు. అంతర్జాతీయ పోటీలో మిగతావాళ్లందరినీ వెనక్కి నెట్టేశారు. ఇవాళ చూస్తున్న కృత్రిమ మేధ హడావుడికి అసలు మలుపు అదే.

ఆట నుంచి నోబెల్‌కి

గేములు ఆడి బాగుపడినవాళ్లున్నారా అని అడిగితే ప్రోగ్రామర్లు ఠక్కున చెప్పే పేరు డెమిస్ హసాబిస్. చిన్నప్పుడు చదరంగం, ఆ తర్వాత ప్రోగ్రామింగ్. 1994లో విడుదలైన 'థీమ్ పార్క్' అనే గేమ్ తయారీలో పనిచేసేనాటికి పదిహేడేళ్ల కుర్రాడు. 2010లో మరికొందరితో కలిసి డీప్‌మైండ్ సంస్థ పెట్టాడు. పాత అటారీ గేముల్ని కంప్యూటర్ తనంతట తానే నేర్చుకుని ఆడేలా చేశారు వాళ్లు. 2016లో వాళ్ల ప్రోగ్రామ్ 'గో' ఆటలో కొరియా దిగ్గజం లీ సెడాల్‌ని 4-1తో ఓడించింది. ఆ తర్వాత ఆటల్ని పక్కనపెట్టి ప్రొటీన్లమీద పడ్డారు. ప్రొటీన్ ఏ ఆకారంలో ముడుచుకుంటుందో తెలిస్తేనే దానికి సరిపోయే మందు ఎలా ఉండాలో తెలుస్తుంది. అర్ధశతాబ్దంగా శాస్త్రవేత్తల్ని వేధించిన ఆ చిక్కుముడిని వాళ్ల ఆల్ఫాఫోల్డ్ చాలావరకూ విప్పింది. 2024లో రసాయనశాస్త్ర నోబెల్‌లో సగభాగం హసాబిస్‌కీ ఆయన సహచరుడు జాన్ జంపర్‌కీ దక్కింది.

మిగతా సగం అందుకున్న డేవిడ్ బేకర్‌కీ గేములతో చుట్టరికం ఉంది. అమెరికాలో ఆయన బృందం 2008లో 'ఫోల్డిట్' అనే గేమ్ విడుదల చేసింది. ప్రొటీన్‌ని అటూ ఇటూ మడిచి సరైన ఆకారం తెస్తే పాయింట్లు! కోతుల్లో ఎయిడ్స్ లాంటి జబ్బు తెచ్చే ఓ వైరస్ ఎంజైమ్ ఆకారం పదేళ్లు దాటినా అంతు చిక్కలేదు. 2011లో ఆ గేమ్ ఆడేవాళ్లు మూడు వారాల్లోనే దాన్ని తేల్చిపారేశారు.

అలాగని పిల్లాడి చేతిలో ఫోన్ పెట్టేసి నోబెల్ కోసం ఎదురుచూడమని కాదు. ఆటమీద అదుపు తప్పి, చదువూ నిద్రా పాడైనా ఆపలేకపోతే దాన్ని జబ్బుగానే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో గుర్తించింది. ఇక డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివి ఈ కోవలోకే రావు. తెలంగాణ 2017లోనే వాటిని నిషేధించింది, 2025లో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. ప్రోగ్రామర్ల లెక్కలో గేమంటే బుర్ర పెట్టి విప్పే ముడి. జేబు ఖాళీచేసేది గేము కాదు, జూదం.

కందిలో చిప్పు... కందిలో జన్యువు

హైదరాబాద్ నుంచి ముంబయి హైవేమీద వెళ్తుంటే పటాన్‌చెరు దాటాక సంగారెడ్డికి ముందు కంది అనే ఊరొస్తుంది. 2008లో ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలైన ఐఐటీ హైదరాబాద్ సొంత ప్రాంగణం ఇక్కడే. కృత్రిమ మేధలో బీటెక్‌ని దేశంలో మొదట 2019లో ప్రవేశపెట్టింది ఈ ఐఐటీనే. గేముల చిప్పులతో పేరు తెచ్చుకున్న అదే ఎన్విడియా, మనదేశంలో తన మొదటి కృత్రిమ మేధ సాంకేతిక కేంద్రాన్ని 2020లో ఈ ఐఐటీతో కలిసే ఏర్పాటుచేసింది. ఇక్కడి 'పరమ్ సేవ' సూపర్ కంప్యూటర్ సామర్థ్యం 838 టెరాఫ్లాప్‌లు. మన లెక్కలో చెప్పాలంటే సెకనుకు 838 లక్షల కోట్ల లెక్కలు!

కంది ఊళ్లో చిప్పులుంటే, కంది పంట జాతకం పక్కనే పటాన్‌చెరులో తేలింది. 1972లో ఇక్కడ ఏర్పాటైన ఇక్రిశాట్‌లో రాజీవ్ వర్ష్నే నాయకత్వంలోని బృందం 'ఆశ' అనే కంది రకం జన్యుపటాన్ని 2011లో ప్రకటించింది. అందులో 48,680 జన్యువులున్నాయని అంచనా వేసింది. డీఎన్‌ఏని చదివే యంత్రం మొత్తం పుస్తకాన్ని ఒక్కసారి చదవలేదు. కోట్లాది ముక్కలుగా చదివిస్తుంది. చింపేసిన పాత పేపర్లని ఏ ముక్క పక్కన ఏ ముక్కో చూసి అతికించినట్టు, వాటిని వరుసలో పేర్చేది కంప్యూటరే. 2013లో శనగ, 2017లో సజ్జ జన్యుపటాలూ వచ్చాయి. ఎండు తెగులుని తట్టుకునే మొక్కనో, బెట్టకు నిలిచే మొక్కనో పంట చేతికొచ్చేదాకా ఆగకుండా మొలకలోనే గుర్తుపట్టడానికి ఈ పటాలు దారి చూపిస్తాయి.

మట్టి వెతికిన సుబ్బారావు

ఇక మందుల సంగతి. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం... ఈ పేర్లు వినగానే గుర్తొచ్చేవి బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీలు. యాంటిబయాటిక్స్ వేటలో ఓ తెలుగువాడి పేరు అంతకన్నా ముందే ఉంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ కంపెనీలో పరిశోధన విభాగానికి అధిపతి. ఆయన పర్యవేక్షణలో బెంజమిన్ డుగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త దేశదేశాల మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్ని ఒక్కొక్కటే పరీక్షించాడు. మిస్సోరీలోని ఓ పొలం మట్టిలో దొరికిన జీవి నుంచి వచ్చిందే ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. 1948లో మార్కెట్లోకి వచ్చింది.

ఇప్పుడు ఆ వెతుకులాటని కంప్యూటర్ అందుకుంది. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు ఓ ప్రోగ్రామ్‌కి 2,335 రసాయనాల వివరాలిచ్చి, వాటిలో ఏవి ఇ.కొలి బ్యాక్టీరియాని ఆపాయో, ఏవి ఆపలేకపోయాయో నేర్పించారు. తర్వాత సుమారు 6 వేల మందుల పట్టిక ముందుపెడితే అది ఓ పాత మందుని వేలెత్తి చూపింది. మధుమేహం కోసం పరిశీలించి వదిలేసిన మందది! లొంగని బ్యాక్టీరియాల్ని కూడా ఎలుకల్లో అదుపుచేసిన ఆ మందుకి 'హాలిసిన్' అని పేరుపెట్టి 2020లో లోకానికి చెప్పారు. ఆ పేరు ఓ పాత సినిమాలోని 'హాల్' అనే కంప్యూటర్‌ది.

ఆ ప్రోగ్రామ్ నేర్చుకున్న 2,335 పాఠాలూ మనుషులు ప్రయోగశాలలో చేతులతో చేసి రాసినవే. అవే తప్పయితే మందూ తప్పే. ప్రోగ్రామర్లు తరతరాలుగా చెప్పుకునే సూత్రం ఒకటుంది: చెత్త వేస్తే చెత్తే వస్తుంది. ఎంత గొప్ప కంప్యూటరైనా లోపల వేసినదాన్నిబట్టే బయటికిస్తుంది.

వాగులో ఏం వేశాం?

ఆ సూత్రం కంప్యూటర్లకే కాదు, వాగులకీ వర్తిస్తుంది. పటాన్‌చెరు ప్రాంతంలో సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థజలం వచ్చిచేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం దగ్గర స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం నమూనాలు తీసుకుంది. శుద్ధిచేసి బయటికి వదులుతున్న నీళ్లలో, లీటరుకు 31 మిల్లీగ్రాములదాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రకటించింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ! కొన్ని బ్యాక్టీరియాలకు హానిచేసే మోతాదుకి వెయ్యి రెట్లపైనే. ఆ నీళ్లు ఇసకవాగు, నక్కవాగుల మీదుగా మంజీరలో కలిసే దారిలో ఉన్నాయి.

మందు నిత్యం తాగే బ్యాక్టీరియా ఏం చేస్తుంది? చచ్చేవి చస్తాయి, తట్టుకున్నవి పిల్లల్ని పెడతాయి. 2011లో అక్కడి వాగు బురదలోని డీఎన్‌ఏని చదివితే, మందుకి లొంగని జన్యువులు భారీగా బయటపడ్డాయి. కంది జాతకం తేల్చిన తరహా విద్యే బురద జాతకాన్నీ బయటపెట్టింది. పటాన్‌చెరులోనే వైద్యం చేస్తూ కాలుష్యం మీద దశాబ్దాలపాటు పోరాడిన డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటివాళ్లు మొత్తుకున్నదానికి ఇదో శాస్త్రీయ సాక్ష్యం.

ఒక్క 2019లోనే మందులకు లొంగని బ్యాక్టీరియా నేరుగా కారణమై ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షలమంది చనిపోయారని అంచనా. అయినా ఫ్యాక్టరీ నీళ్లలో యాంటిబయాటిక్ ఎంతకు మించకూడదో చెబుతూ 2020లో కేంద్రం ముసాయిదాలో పెట్టిన పరిమితులు 2021లో వచ్చిన తుది నిబంధనల్లో కనిపించలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో దీనిమీద మొదటిసారి మార్గదర్శకాలిచ్చింది. ఒకవైపు కోట్ల రూపాయల చిప్పులతో కొత్త మందు వెతకడం, మరోవైపు ఉన్న మందుని వాగులో పోసి పనికిరాకుండా చెయ్యడం... ప్రోగ్రామర్ల భాషలో దీన్ని 'బగ్' అంటారు. దాన్ని సరిచెయ్యాల్సింది కంప్యూటర్లో కాదు.

వార్తనీ పరీక్షించండి!

'క్యాన్సర్‌కి మందు దొరికింది', 'కంప్యూటర్ డాక్టరైపోయింది'... ఇలాంటి వార్తలు రోజూ వస్తూనే ఉంటాయి. కొత్త ప్రోగ్రామ్‌ని నాలుగు రకాలుగా పరీక్షించకుండా ప్రోగ్రామరు నమ్మడు. వార్తకీ అదే పరీక్ష పెట్టొచ్చు.

* ఎవరి మీద? గాజుపళ్లెంలోనా, ఎలుకలోనా, మనిషిలోనా? హాలిసిన్ పేరు మోగి ఏళ్లయినా మందులషాపులోకి రాలేదు. పళ్లెం నుంచి మనిషిదాకా దారి చాలా పొడవు.

* ఎంతమంది మీద? 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్సెమ్మెస్ పంపాయి. మామూలు ఫోన్ చాలు. మంచి ఆలోచనే. కానీ పాల్గొన్నది 175 మంది.

* ఎవరు చెప్పారు? దిగుబడి సగటున 30 శాతం పెరిగిందన్నది ప్రయోగం చేసిన సంస్థలే. అంతమాత్రాన అబద్ధమని కాదు, ఇంకొకరు కూడా కొలిచి చెబితే మరింత నమ్మకం.

* మళ్లీ చేస్తే? వేరే చోట, వేరే వాళ్లు చేసినా అదే ఫలితం వస్తేనే అది విజ్ఞానం. ఒక్కసారి వస్తే వార్త!

ఈసారి పిల్లాడు గేమ్ ఆడుతూ దొరికితే కేకలేసే ముందు ఓ ప్రశ్న వేసి చూడండి: 'ఆ బొమ్మ ఎలా కదులుతోందిరా?' అని. జవాబు తెలియక వాడు వెతకడం మొదలెడితే... ఆట అయిపోయినట్టే, చదువు మొదలైనట్టే!